పదహారు గడుల కోడిపుంజు

పదహారంటే పెయింటర్ పదహారు అంగుళాలనుకున్నాడు. ఆయన్ని అనడానికేం లేదు. ముప్పై ఏళ్లుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్న మనిషికి కొలతలంటే అడుగులు, కాదంటే అంగుళాలు. "పదహారుకు పదహారు బొమ్మ కావాలి మాస్టారూ, రేపు సాయంత్రం నాలుగింటికల్లా" అని కబురు రాగానే చెక్క కోశాడు, తెల్లరంగు పూశాడు, అది ఆరేలోగా గడ్డం గీసుకుని వచ్చి కుంచె పట్టాడు.

వెయ్యాల్సిన బొమ్మ కోడిపుంజు. వీధి మలుపులో ఉన్న బేకరీ బోర్డు మీద ఇరవై ఏళ్ల కిందట ఆయన వేసిన పుంజే. బేకరీకి అసలు పేరు వేరే ఉంది గానీ అది ఎవరి నోటా వినబడదు. అందరికీ అది కోడిపుంజు బేకరీ. ఇప్పుడు దానికి వెబ్‌సైట్ తయారవుతోంది. సైటు తెరిచినప్పుడు బ్రౌజర్ పైభాగంలో, ట్యాబ్ మీద పేరు పక్కన, గోరంత బొమ్మ ఒకటి కనిపించాలట. "నా పుంజుని వేసిన చెయ్యి పక్క వీధిలోనే ఉండగా ఇంకొకళ్లెందుకు?" అని బేకరీ ఆవిడ పట్టుబట్టింది. సైటు చేస్తున్నామె బేకరీ పై గదిలో అద్దెకుంటుంది. పెయింటర్ ఆమెకు కంప్యూటరమ్మ అని పేరు పెట్టాడు. "నాలుగు దాటితే మాత్రం రెడీమేడ్ బొమ్మల్లోంచి ఓ బ్రెడ్డుముక్క తీసి పెట్టేస్తాను. ఎల్లుండి పొద్దున్నే సైటు తెరవాలి" అని ఆమె ముందే చెప్పేసింది.

ఈమధ్య బోర్డులన్నీ మిషన్లోంచి అచ్చయి వచ్చేస్తున్నాయి. పెయింటర్ చేతి బొమ్మల్లో ఇంకా వీధిలో మిగిలినవి మూడంటే మూడు. పుంజు స్థానంలో బ్రెడ్డుముక్క వస్తే ఆయన పైకి నవ్వేస్తాడని, తర్వాత నాలుగు రోజులు అన్నం కెలుకుతూ కూర్చుంటాడని కూతురికి తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం రంగు డబ్బాలు తను పట్టుకుని వెంట నడిచింది. లేకపోతే కొత్తవాళ్ల గదిలోకి ఆ పిల్ల అడుగు పెట్టేది కాదు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది గానీ గడప దాటితే నోరు పెగలదు.

మెట్లెక్కి వస్తున్న చెక్కని చూసి కంప్యూటరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మాస్టారూ, పదహారు అంగుళాలు కాదండీ! పదహారు గడులు. చుక్కలంత గడులు. బొమ్మంతా కలిపి మీ చిటికెన వేలి గోరంత."

"అంతేనా? చిన్నది చెయ్యడం ఎంతసేపు! మీ మిషను చెయ్యదా?"

చేసింది. ఆమె ఫోటో తీసి, కంప్యూటర్లోకి ఎక్కించి, కుదించింది. అందరూ తలలు దగ్గర పెట్టి చూశారు. సరిగ్గా అప్పుడే బేకరీ ఆవిడ పైకొచ్చింది.

"ఇదేంటి తమ్ముడూ, ఎవరో టమాటా తొక్కినట్టుంది?"

"నీ పుంజే అక్కా" అన్నాడు పెయింటర్ నీరసంగా. "పన్నెండు ఈకలు వేశాను. దేనికది విడిగా కనబడేలా."

"ఆ ఈకలే కొంప ముంచాయి" అంది కంప్యూటరమ్మ.

అక్కడే కూర్చుని ఆయన పుంజు వెనక వేసిన సూర్యుణ్ణి చెరిపేశాడు. కాళ్ల దగ్గరున్న గడ్డి చెరిపేశాడు. మళ్లీ ఫోటో, మళ్లీ కుదింపు. టమాటా కాస్త సన్నబడింది, అంతే. గోడ గడియారం మూడు దాటింది. పెయింటర్ కుంచెని గుడ్డకి తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పెట్టేసుకోండమ్మా, ఆ బ్రెడ్డే బాగుంటుంది" అని నవ్వాడు. ఆ నవ్వు కోసమే కూతురు పొద్దుట్నుంచీ భయపడుతోంది.

తండ్రి వెనకే మెట్లు దిగింది. ఇద్దరూ రోడ్డు దాటారు. బస్సాగే చోట ఆయన బూటు తాడు ఊడితే కట్టుకోవడానికి వంగాడు. ఆ కాసేపూ ఏం చెయ్యాలో తోచక ఆ పిల్ల వెనక్కి తిరిగింది. అలాగే నిలబడిపోయింది.

"నాన్నా, ఒక్కసారి ఇటు చూడు. ఆ బోర్డు మీద ఈకలు కనిపిస్తున్నాయా?"

"ఇంత దూరం నుంచి ఈకలెలా కనబడతాయే?"

"మరి అది కోడని ఎలా తెలుస్తోంది?"

పెయింటర్ లేచి చూశాడు. తాడు ముడి సగంలోనే వదిలేశాడు. చూస్తూ చూస్తూ వెనక్కి నడిచాడు, స్తంభానికి వీపు తగిలేదాకా.

"ఎర్రటి తురాయి" అన్నాడు మెల్లగా. "ముందుకు పొంగిన రొమ్ము. కొడవలిలా తోక. అంతే. మిగతావన్నీ నా సరదాకి వేసుకున్నవేనే!" అంతలోనే గొంతు పెరిగింది. "బస్సులో పోయేవాడికి దొరికేది రెప్పపాటు! వాడి కోసం కదా నేను బోర్డు రాసేది! గోరంత బొమ్మంటే ఏంటి, వీధి చివర్నుంచి చూసిన బోర్డేగా! పద పద!"

ఈసారి మెట్లు రెండేసి చొప్పున ఎక్కారు. ఆయాసంతో తండ్రికి మాట రావడం లేదు. ఇక కూతురే నోరు విప్పాల్సి వచ్చింది.

"అక్కా, ఖాళీ గడులు ఉంటాయా? మేమే నింపుతాం."

"అమ్మో, నువ్వు మాట్లాడతావా!" అంటూనే కంప్యూటరమ్మ కుర్చీ ఖాళీ చేసింది. తెర మీద పదహారు వరసల ఖాళీ గళ్లు పెద్దవిగా పరుచుకున్నాయి. మౌస్ కూతురి చేతిలో, పెత్తనం తండ్రి నోట్లో.

"తురాయికి మూడు ఎర్ర గడులు. పక్కపక్కన కాదు, మెట్లు మెట్లుగా. ముక్కుకి ఒకటి పసుపు."

"కన్ను?"

"ఒకటి తెలుపు. తోకకి ఏడు."

"ఏడు ఎక్కడివి నాన్నా, అయిదే ఉన్నాయి."

"రొమ్ములోంచి రెండు లాగు."

"చిక్కిపోతుంది. బేకరీలో ఉండే కోడి చిక్కిపోతే ఎవరైనా బ్రెడ్డు కొంటారా?"

కంప్యూటరమ్మ పకపకా నవ్వింది. పెయింటర్ ఆరు గడులకి ఒప్పుకున్నాడు. గొడవంతా కాళ్ల దగ్గరొచ్చింది.

"కాళ్లు లేని కోడేంటే? ఎవరైనా చూస్తే నవ్విపోతారు!"

"బస్సు దగ్గర్నుంచి కాళ్లు కనిపించాయా నీకు?"

"లేదు."

"మరి?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. కాళ్లు పోయాయి.

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా బొమ్మని కుదించారు. కంప్యూటరమ్మ కావాలనే మరో పది సైట్లు తెరిచి, వాటి మధ్య బేకరీ ట్యాబ్ ఇరికించి, కిందికి కేకేసింది. బేకరీ ఆవిడ మోచేతుల దాకా పిండితో, తలుపు దగ్గరే ఆగిపోయింది.

"లోపలికి రాను, గదంతా పిండవుతుంది. ఏం చూడమంటారూ?"

కంప్యూటరమ్మ తెర అటు తిప్పి పక్కకి తప్పుకుంది. ఆవిడ తెర వైపు కళ్లు చికిలించింది.

"అదిగో, నా పుంజు!" అని పిండి చేతులతోనే చప్పట్లు కొట్టింది. గది సగం తెల్లబడింది. "బ్రెడ్డూ లేదు, గిడ్డూ లేదు. ఇదే ఉండాలి. ఎంత ఠీవిగా ఉందో చూడు తమ్ముడూ!"

పెయింటర్ మాత్రం ఇంకా తెర ముందు తచ్చాడుతున్నాడు.

"ఇంకేమైనా మార్చాలా మాస్టారూ?"

"మార్చడం కాదమ్మా. బోర్డు అయ్యాక కింద మూల సంతకం పెట్టడం అలవాటు."

"సంతకం ఎక్కడ పడుతుంది నాన్నా! ఆ మూల ఉన్నవే రెండు మూడు ఖాళీ గడులు."

"ఒక్కటి చాలు." ఆయన కూతురి వైపు తిరిగాడు. "రంగు నువ్వు చెప్పు. దూరంగా నిలబడి చూసింది నువ్వేగా."

ఆ పిల్లకి చెవులు వేడెక్కాయి. పుంజులో ఎక్కడా లేని రంగు కోసం వెతికి నీలం నొక్కింది.

మర్నాడు సైటు తెరిచారు. బేకరీ ఆవిడ కొట్టుకి వచ్చిన ప్రతి వాళ్లకీ కంప్యూటర్ తిప్పి చూపించింది. మధ్యాహ్నానికి ఆవిడకో అనుమానం వచ్చి పెయింటర్‌కి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పుంజు ముందు ఆ నీలం చుక్కేంటి? గింజా?"

తండ్రీ కూతుళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"గింజే అక్కా" అన్నాడు పెయింటర్ నవ్వాపుకుంటూ. "ఉంచు, ఆకలేస్తే తింటుంది."