ఇసుక గీతలు

కారం ఎక్కువైతే పూత పెళుసెక్కుతుంది, తక్కువైతే పడవ అడుగున పట్టే గుల్లలకు చక్కిలిగింత పెట్టినట్టుంటుంది, అంతకు మించి ఏమీ ఉండదు. కిందటేడు నాలుగు పిడికిళ్లు. ఈసారి అయిదా? బావను అడిగితే, “ఆరు వెయ్యరా, చేపలు కూడా ఊరొదిలి పోతాయి” అంటాడు. అడగకపోయినా అదే అంటాడు.

అయిదు వేశాడు.

ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొయ్యి మీది డబ్బాలో కర్రతో కలుపుతున్నాడు. గుగ్గిలం కరిగి, తారులో కలిసి, చేపనూనె తేటగా పైకి తేలింది. రాగిపొడి అడుగున పడకుండా తిప్పుతూనే ఉండాలి. కారం పడగానే పాకంతా ఘాటెక్కింది. గోడ అవతల సందులో ఎవరో తుమ్మి, “మొదలెట్టాడ్రోయ్ మేస్త్రి!” అన్నారు. ఆ వెనకే ఇంకో తుమ్ము. ఏటా ఈ రోజున ఆ తుమ్ములు వినడం అతనికి ఇష్టం. మెచ్చుకోలు లాంటివే అవి కూడా అనుకుంటాడు.

రేవులో అందరూ అతన్ని కారం మేస్త్రి అంటారు. యాభై ఏడేళ్లు. పొయ్యి సెగకు ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. గోళ్ల అంచులు రాగికి పచ్చబడి ఉంటాయి. ఇంట్లో మాట్లాడే మనిషి లేనివాళ్లకు అలవాటయ్యే పద్ధతిలో, పెదవులు కదుపుతూ ఆలోచిస్తాడు.

భార్య పోయిన ఏడు మొదలైంది ఈ పూత. ఆ ఏడు అతను ఎవరితోనూ మాట్లాడలేదు. పడవలకు తారు కాస్తున్నవాడు, ఒకరోజు ఎందుకో వంటింట్లోకి వెళ్లి, ఆవిడ ఎండబెట్టి దంచి ఉంచిన కారం చారెడు తెచ్చి అందులో పోశాడు. మనిషి నోరు మండించేది గుల్లల నోరు మండించదా? నవ్వనిది అక్క మొగుడు ఒక్కడే. “నా పడవకు పూయరా” అన్నాడు. అది ఏరు దాటించే పడవ. ఏడాది తర్వాత ఒడ్డుకు లాగి ఒరగబెడితే, మిగతా పడవల అడుగులు గుల్లలతో గరుకెక్కి ఉండగా, బావ పడవ అడుగు చేత్తో నిమిరితే జారిపోయేంత నున్నగా ఉంది. ఆ సాయంత్రం అతను అక్కతో గంటసేపు మాట్లాడాడు, అంతా పూత గురించే.

అప్పటినుంచి పదకొండేళ్లు, ఏటా అంతే నున్నగా. లోపం ఒక్కటే. పూత మీద సన్నని గీతలు పడేవి, దువ్వెనతో దువ్వినట్టు, పక్కపక్కనే. “ఇసుకరా. దిబ్బ మీద రాసుకుంటుంది” అనేవాడు బావ. ఇసుకకు తట్టుకోవాలని అతను ఏటా గుగ్గిలం కొంచెం కొంచెం పెంచుతూ వచ్చాడు.

రేపు పడవల సంఘం పెద్ద వస్తున్నాడు. బావ పడవ అడుగు కళ్లారా చూసి, బాగుంటే మిగతా పన్నెండు పడవలకూ ఇదే పూత వేయిస్తానన్నాడు. ఆ మాటను వారంనుంచి అతను చప్పరింపు బిళ్లలా బుగ్గన పెట్టుకుని తిరుగుతున్నాడు.

నీళ్లు వెనక్కి తగ్గాక నలుగురు మనుషులు తాళ్లు వేసి పడవను పైకి లాగారు. బావ అయిదు నెలలుగా మంచంలో ఉన్నాడు, ఊపిరితిత్తులు. అప్పటినుంచి సంఘం మనిషి ఒకతను పడవ నడుపుతున్నాడు. దిమ్మెలు పెట్టి ఒక పక్కకు ఒరగబెట్టారు.

ముందు వాసన వచ్చింది.

అడుగంతా గుల్లలే. పాలపళ్లలా చిన్నవి, తెల్లవి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి సందుల్లో పచ్చటి పాచి తడిజుట్టులా వేలాడుతోంది. గాలి తగిలి నోళ్లు మూసుకుంటూ అవి చిటచిటమని చిన్న చప్పుడు చేస్తున్నాయి. వేల నోళ్లు.

రాగిపొడి కల్తీది అనుకున్నాడు. కొట్టువాడు ముంచాడు. గోటితో ఒక పెచ్చు లేపి నాలిక కొసన పెట్టుకున్నాడు. చేదు, ఆ తర్వాత మంట. రాగి రాగిగానే ఉంది. కారం ఏడాది నీళ్లలో నానినా కారంగానే ఉంది.

అప్పుడు ఇంకొకటి గమనించాడు. తాళ్లు చుట్టుకుంటున్న నలుగురిలో ఒక్కడూ ఆశ్చర్యపోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు.

ఎదుటి పాకలో వడ్రంగి చిత్రిక పడుతున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గ్లాసులో టీ పంచుకునేవాళ్లు. పదేళ్ల కిందట మేస్త్రి దగ్గర పాత పూత గీకే రేకు పోయింది. పిడి మీద గుర్తుగా రెండు గాట్లు పెట్టుకున్నది. ఆ రోజు అతని పాకలోకి వచ్చింది వడ్రంగి ఒక్కడే. వడ్రంగిని నలుగురిలో నిలబెట్టి మేస్త్రి దొంగ అన్నాడు. ఆనాటినుంచి మాటల్లేవు.

“కొట్టువాణ్ని తిట్టుకోకు. వాడి తప్పేం లేదు” అన్నాడు వడ్రంగి తల ఎత్తకుండా.

“నేను నీతో మాట్లాడలేదు.”

“నేనూ చెక్కతో మాట్లాడుతున్నాలే. ఒసే చెక్కా, ప్రతి అమావాస్యకీ నీళ్లు తగ్గాక మీ బావ ఈ పడవను అవతలి దిబ్బకు తీసుకెళ్లి, కింద వెల్లకిలా పడుకుని గీకేవాడు. పదేళ్లు చూశా. ఈ అయిదు నెలలు గీకే నాథుడు లేడు.”

అతను వడ్రంగి వైపు తిరిగాడు. “మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“దొంగ మాట ఎవడు నమ్ముతాడు?” చిత్రిక జర్రుమని ఒకసారి సాగింది. “దేంతో గీకాడో కూడా చూసుకో. పడవ వెనకబల్ల కింద దాచేవాడు.”

బల్ల కింద నూనెగుడ్డలో చుట్టి ఉంది. రేకు సగానికి అరిగింది. పిడి మీది రెండు గాట్లలో ఒకటే మిగిలింది. రెండోది ఉండాల్సిన చోట బొటనవేలు ఆనీ ఆనీ నున్నటి గుంట పడింది. అతను తన వేలు పెట్టి చూశాడు. ఇమడలేదు.

బావ కిటికీ పక్క మంచం మీద మూడు దిళ్లకు ఆనుకుని ఉన్నాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుని దుప్పటి సర్దుతోంది.

“ఏరా కారం,” మాటకూ మాటకూ మధ్య బావ గాలి వెతుక్కున్నాడు, “ఎన్ని పిడికిళ్లు?”

అతను రేకును బావ గుండెల మీది దుప్పటిపై పెట్టాడు. అది ఊపిరితో పాటు లేస్తూ దిగుతూ ఉంది.

“దొరికిందా” అన్నాడు బావ. చాలాకాలానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాడు దాన్ని. “మొదటేడు ఆల్చిప్పతో గీకా. చేతులు తెగాయి.”

“ఎప్పుడు చెబుదామనుకున్నావు బావా?”

“ఏటా అనుకున్నా. నువ్వేమో ఏటా గుగ్గిలం పెంచుకుంటూ పోయావు. గుల్ల పట్టిందంటే వదిలితేనా! నీ పూత గట్టితనం వాటికి కలిసొచ్చింది గానీ, నా నడుం విరిగింది బావమరిదీ.”

అక్కకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆపుకోవడం చూశాక అతనికి ఇంక అడగాల్సింది లేకపోయింది. అయినా అడిగాడు. “నీకూ తెలుసన్నమాట.”

“నేనే చెయ్యమన్నానురా” అంది అక్క. “అప్పుడు గోడ వంక చూస్తూ కూర్చునేవాడివి. ముద్ద నోట్లో పెడితే మింగేవాడివి కాదు. పడవ బాగుంటే నీ ప్రాణం కుదుటపడుతుందనుకున్నా. ఒక్క ఏడాదికే అనుకున్నాం తమ్ముడూ. ఆ తర్వాత ఎలా ఆపాలో తెలీలేదు.”

“రేపు పెద్ద వస్తున్నాడని కూడా తెలుసు.”

అక్క మందు తెస్తానని లోపలికి వెళ్లింది. బావ కళ్లు మూసుకున్నాడు.

అతను మొదలుపెట్టాడు. గొంతు పెంచలేదు. ఇంతకాలం పొయ్యి ముందు పెదవులతో మాత్రమే మాట్లాడినవాడికి అరవడం చేతకాలేదు.

“చిన్నపిల్లాణ్నా బావా నేను? బొమ్మ చేతికిచ్చి పదకొండేళ్లు ఆడించారు. రేవంతా నన్ను చూసి తుమ్ముతుంటే పొంగిపోయాను. సరే, పోనీ. వాణ్ని దొంగన్నప్పుడు పక్కనే ఉన్నావుగా? ‘పోనీలేరా, ఇంకోటి కొనుక్కో’ అన్నావు. నా రేకు నీ దగ్గర పెట్టుకుని అన్నావు. నాకున్నది వాడొక్కడే. నా మీద జాలిపడి, వాణ్ని నాకు లేకుండా చేశావు. ఇదేం జాలి బావా?”

జవాబు కోసం ఆగాడు. బావ దేనికైనా జవాబు చెప్పకుండా ఉండడు. కిటికీ రెక్క కిర్రుమంది. అతని చూపు దుప్పటి మీదికి వెళ్లింది. రేకు కదలడం లేదు.

ఎక్కడ ఆగిందో తెలియదు. దొంగ అన్న మాట దగ్గర కదిలినట్టే గుర్తు. ఆ తర్వాత తను చూడలేదు. అక్క గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

ఎండ వాలాక అక్క, “రేవులో చెప్పిరా” అంది. దుప్పటి మీది రేకు తీసుకుని బయటికి నడిచాడు. టీ బడ్డీ దగ్గర ఉన్నవాళ్లకు, “బావ పోయాడు” అని చెప్పాడు. వాళ్లు లేచి ఇంటివైపు వెళ్లారు.

పడవ దగ్గర ఎవరూ లేరు. గుల్లలు ఆరి, చప్పుడు ఆగిపోయింది. చీకటి పడడానికి ఇంకా రెండు గంటల టైముంది. ఎక్కడ మొదలుపెట్టాలో చేతికి తెలుసు. ఇప్పుడు గీకేస్తే రేపు పెద్ద వచ్చేసరికి అడుగు నున్నగా ఉంటుంది, తల ఊపుతాడు, పన్నెండు పడవలు. రేకు అంచు ఆనించి ఒక్కసారి లాగాడు. నాలుగు గుల్లలు రాలాయి. వాటి కింద, అరచేయంత మేర, అతనికి బాగా తెలిసిన సన్నని గీతలు పడ్డాయి.

వాటి వంక చాలాసేపు చూశాడు. కోపం తగ్గలేదు. దాన్ని పెట్టుకోవడానికి ఇప్పుడు ఎదుట మనిషి లేడు, అంతే తేడా. మిగతా గుల్లల జోలికి పోలేదు. రేపు పెద్ద వాటిని చూస్తాడు, చూడనీ.

ఎదుటి పాక ఖాళీగా ఉంది. వడ్రంగి కూడా బావ ఇంటికే వెళ్లి ఉంటాడు. అతను లోపలికి వెళ్లి, పనిబల్ల మీది చెక్క పొట్టును చేత్తో పక్కకు తోసి, రేకును అక్కడ పెట్టాడు. పొట్టు మళ్లీ జారి వచ్చి దాని అంచును కప్పింది. సగం అరిగిన రేకు, పిడి మీద గుంట, దాని పక్కన పైకి కనిపిస్తూ ఒకే ఒక్క గాటు.