అందరికీ నిద్రపట్టే బండి

తడిగుడ్డ కారు వెనక తలుపు దగ్గర ఆగిపోయింది. రోజూ జారిపోయే చోట ఇవాళ ఏదో గీరుకుంది. ఆమె గుడ్డ పక్కన పెట్టి అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత వంగి చూసింది. ఎడమ వైపు, ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా, మోకాలెత్తున పొడుగాటి గీత. నీలం రంగు లేచిపోయి రేకు కనిపిస్తోంది. గీత అంచుల్లో తెల్లగా సున్నం.

నిన్న పొద్దున తుడిచినప్పుడు ఇది లేదు. నిన్న ఆదివారం బండి కదిలింది ఆడపడుచు ఇంటికి, మళ్ళీ ఇంటికి, అంతే. రెండుసార్లూ నడిపింది తనే. వెళ్ళేటప్పుడు తగల్లేదు. దిగాక అత్తగారి సంచీ తీయడానికి ఆ తలుపు తనే తెరిచింది, ఉంటే కనిపించేది. అంటే వచ్చేటప్పుడు. ఆమె అక్కడే గొంతుక్కూర్చుని దారంతా మొదటినుంచి తలుచుకుంది. ఆడపడుచు ఇంటి సందు, బండి వెనక్కి తీస్తుంటే అడ్డమొచ్చిన కుక్క, పెట్రోలు బంకు, బంకు పక్కన మలుపు, మలుపు దాటాక తిన్నటి రోడ్డు, దాని మీద ఎండ. ఆ తర్వాత కూరగాయల మార్కెట్టు, ఎదురొచ్చిన లారీ, ఇల్లు, నిద్రమత్తులో దిగి లోపలికి పోయినవాళ్ళు. ఎండకీ మార్కెట్టుకీ మధ్య కాలవ వంతెన ఉండాలి. వంతెన గుర్తు రాలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా అంతే. మధ్య ముక్క ఎవరో కత్తిరించి పట్టుకుపోయినట్టుంది. వంతెన గోడలకు సున్నం కొట్టి ఉంటుంది.

బండినే పట్టుకుని లేచింది.

ఆమె భర్తకు బండి అంటే ప్రాణమని ఇంట్లో అందరూ నవ్వుతూ అంటారు. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, పాత బనీనుతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకు పట్టి చూస్తాడు. రేడియేటర్లో నీళ్ళు చూస్తాడు. బ్యాటరీ కొసల మీద తెల్లటి పొడి పేరుకుంటే పాత పళ్ళ బ్రష్షుతో రుద్దుతాడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాలంటాడు. దూరం వెళ్ళొచ్చాక ఇంజను కాసేపు ఊపిరి పీల్చుకోవాలంటాడు. "దానికి నోరు లేదు, మనమే కనిపెట్టుకుని ఉండాలి" అంటాడు. ఇవేవీ తప్పు మాటలు కావు. కడగడం, తుడవడం, సీట్ల సందుల్లో పిల్ల రాల్చిన బిస్కెట్టు పొడి ఏరడం ఆమె వంతు.

గీత చూసి ఆయన వంగాడు. దాని పొడుగునా వేలితో రాశాడు, పుండు మీద రాసినట్టు. ఎవడో సైకిలువాడు గీసి పోయాడన్నాడు. కాదు కాదు, మా చెల్లెలి సందులో గోడవారగా తెచ్చి పెట్టావు, బుద్ధి ఎక్కడ పెట్టావన్నాడు. ఆమె 'ఏమో' అంది.

బండి నేర్చుకుంటానని ముచ్చటపడింది ఆమే. నేర్పినాయన పెద్దవాడు, మాట్లాడేవాడు కాదు. అద్దం చూడకుండా పక్కకు తిప్పితే దగ్గేవాడు, అంతే. ముందు బండికి ఎడం ఉంచడం, వాలులో న్యూట్రల్‌లో పెట్టకపోవడం, వానలో బ్రేకు ఒక్కసారి తొక్కకపోవడం అన్నీ ఆ దగ్గులతోనే వంటబట్టాయి. ఒక్క సంగతి మాత్రం నోరు విప్పి చెప్పాడు. కన్ను బరువెక్కితే ఆపెయ్యమ్మా, నీళ్ళు చల్లుకోవడం, పాటలు పెట్టుకోవడం అవన్నీ మనల్ని మనం మభ్యపెట్టుకోవడం, ఆపి పడుకోవడమొక్కటే మందు, అన్నాడు. బండి నడుపుతూ ఎవరైనా నిద్రపోతారా అని ఆమె లోపల నవ్వుకుంది.

లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆమె నేల మీద నడవలేదు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ తమ కాళ్ళు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. అంతకుముందు బస్సెక్కే భర్తకు మెడ నొప్పి వచ్చింది, ఆయన్ని స్టేషన్ దగ్గర దింపాలి. పిల్లను బడి దగ్గర దింపాలి. అత్తగారి మోకాళ్ళకు కరెంటు పెట్టించే చోట ఆవిణ్ణి దింపాలి. ఎవరు అడిగినా ఒకటే మాట, నీకు దారే కదా. ఏ ఒక్కటీ దారి కాదు. ఒకటి తూర్పు, ఒకటి పడమర. ఆమె పనిచేసేది చొక్కాలు కుట్టే చోట. కాలర్లూ కఫ్‌లూ కుట్టు తప్పకుండా ఉన్నాయా అని పొద్దుగూకేదాకా నిలబడి చూడాలి. అక్కడి సూపర్‌వైజరు కూడా ఆమెకు బండి ఉందని తెలిశాక శాంపిల్ సంచులు ఆమె చేతికివ్వడం మొదలుపెట్టాడు. వద్దంటే, కారున్న మహారాణులు మా మాటెందుకు వింటారులే అంటాడు, అందరూ వినేటట్టు. ఇంటికొచ్చాక మళ్ళీ పొయ్యి, గిన్నెలు, పిల్ల యూనిఫారం, అత్తగారి మోకాళ్ళకు వేడినీళ్ళ సంచీ. పడుకున్నట్టే ఉండదు, లేవాల్సి వస్తుంది.

ఒక్క పొగడ్త మాత్రం ఆమెకు దొరికింది. ఆమె నడిపితే కుదుపు ఉండదు. గేరు మార్చినట్టు తెలియదు, బ్రేకు వేసినట్టు తెలియదు. ఎక్కిన పది నిమిషాలకు అందరికీ నిద్రపడుతుంది. "మా కోడలి చేతిలో బండి ఊయలే" అని అత్తగారు పదిమందిలో చెబుతుంది. ఆయన ముందు సీటు వెనక్కి వాల్చుకుని గురకపెడతాడు. వెనక అత్తగారు, ఆవిడ భుజం మీద పిల్ల. ఆమెకు అది గర్వంగా ఉండేది. నిన్న ఆ తిన్నటి రోడ్డు మీద ముగ్గురూ నిద్రలో ఉన్నారు. నాలుగోది తను.

ఆ రోజు మధ్యాహ్నం శాంపిల్ సంచీ వంకతో వంతెన దగ్గరికి వెళ్ళింది. బండి దూరంగా ఆపి నడిచి వెళ్ళింది. ఎడమ వైపు గోడ మీద నీలం గీత. వెతకక్కర్లేకపోయింది. గీత గోడ పొడుగునా సాగి, చివర గోడ పెచ్చు ఊడి ఉంది. దాని తర్వాత గోడ లేదు. జారుడు గట్టు, కింద నీళ్ళు. నీళ్ళు మెల్లగా పోతున్నాయి, తొందరేమీ లేనట్టు. ఆమె గోడ పట్టుకుని కిందికి చూస్తూ ఉండిపోయింది. పిల్ల ఎడమ వైపే కూర్చుంటుంది.

అంతలో ఇంకో భయం పట్టుకుంది. గోడ మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఇక్కడ మనుషులు కూర్చుంటారన్నమాట, కాళ్ళు రోడ్డు వైపు వేలాడేసుకుని. పక్కనే గొడుగు కింద సైకిళ్ళు బాగుచేసే మనిషి ఉన్నాడు. అతని దగ్గరికి వెళ్ళి, నిన్న ఇక్కడ ఎవరికైనా ఏమైనా తగిలిందా అని అడిగింది.

"తగిలితే ఇంత నిమ్మళంగా ఉంటుందా అమ్మా?" అన్నాడతను ట్యూబు మీంచి తల ఎత్తకుండా. నిన్న ఆదివారం, కొట్టు తీయలేదన్నాడు. ఈ ముసలివాళ్ళు కూడా ఆదివారం రారన్నాడు, కోడళ్ళు ఇంట్లో ఉంటే కూర వేడిగా దొరుకుతుందని. ముసలివాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వాలని చూసింది. బండి దగ్గరికి వచ్చి తలుపు వేసుకుని, తాళం తిప్పకుండా ఊరికే కూర్చుంది. ఆదివారం కాకపోతే. ఆ ఒక్క ఆలోచన దగ్గరే బుర్ర చక్రంలా తిరిగింది. సోమవారమైతే, మంగళవారమైతే.

ఇంట్లో చెప్పాలనుకుంది. చెబితే ఏమవుతుందో తెలుసు. ఆడవాళ్ళ డ్రైవింగు అని ఆయన చెల్లెలి మొగుడు ఏడాది పొడుగునా కథలు చెబుతాడు. తాళాలు తీసేసుకుంటారు. తాళాలు పోతే, అందరినీ దింపేశాక పనికి వెళ్ళేముందు తను ఒక్కతే ఉండే ఆ కాసేపూ పోతుంది. కిటికీ అద్దం దించుకుని, ఎవరికీ బదులు చెప్పక్కర్లేని కాసేపు. అందుకని సంగతి చుట్టూ తిరిగి చెప్పింది. ఈ మధ్య బండి నడుపుతుంటే కళ్ళు మూతలు పడుతున్నాయండీ, అంది, అన్నం వడ్డిస్తూ.

ఆయన నవ్వాడు. "కూర్చునే కదా నడిపేది? నిద్ర రావడానికి నువ్వేమన్నా రిక్షా తొక్కుతున్నావా?"

అత్తగారు నవ్వలేదు గానీ, నిద్ర సంగతి తలుచుకుంటే ఇంకా వస్తుందమ్మాయ్, తలుచుకోకు, అంది. సంగతి అక్కడితో అయిపోయింది. గీత మీద రంగు వేయించడం గురించి మాత్రం మూడు పూటలు మాట్లాడుకున్నారు.

ఆ వారమంతా ఆమె భయంతోనే మెలకువగా ఉంది. అద్దాలు దించుకుంది. తొడ గిల్లుకుంది. సొంపు నమిలింది. పెదవి కొరుక్కుంది. బండి నేర్పిన పెద్దాయన మభ్యపెట్టుకోవడం అన్న పనులే చేసింది. ఎర్రలైటు దగ్గర ఆగితే పచ్చలైటు పడే లోపల తల వాలేది, వెనకవాడి హారను గుండెలో దిగేది. రోడ్డు దాటే ప్రతి మనిషీ చివరి క్షణంలో ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు కనపడేవాడు. ఎక్కడైనా ఆపి కళ్ళు మూసుకుందామంటే ఫోను. ఎక్కడున్నావు, ఎంతసేపు, మా అమ్మ ఎండలో నిలబడింది. ఆపడానికి దారిలో చోటుంది, రోజులో చోటు లేదు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. ఆడపడుచు ఇంట్లో భోజనాలు. అందరూ నడుం వాల్చితే ఆమె గిన్నెలు తోమింది. ఎండ దిగకముందే బయలుదేరారు. బంకు, మలుపు, తిన్నటి రోడ్డు. ఆయన సీటు వాల్చాడు. అత్తగారి తల సీటుకు ఆనింది. గాలి వెచ్చగా తగులుతోంది. ఆమె స్టీరింగును గట్టిగా పట్టుకుంది. వంతెన వస్తోంది. వంతెనను చూస్తూనే ఉండాలి. వెనక అద్దంలోకి ఒక్కసారి చూసింది.

అద్దంలో రెండు కళ్ళు. పిల్ల తన చోట లేదు. వెనక సీటు మధ్యకు జరిగి, రెండు ముందు సీట్ల సందులో నిటారుగా కూర్చుని, రెప్ప వేయకుండా తన కళ్ళలోకే చూస్తోంది. ఎక్కగానే నిద్రపోయే పిల్ల. ఆలోచిస్తే, ఈ వారంలో బడికి వెళ్ళేటప్పుడు కూడా అది నిద్రపోలేదు.

"పడుకోమ్మా" అంది ఆమె మెల్లగా.

"వద్దు."

"నిద్ర రావట్లేదా?"

"వస్తోంది."

"మరి పడుకో."

"నేను పడుకుంటే నిన్నెవరు చూస్తారు?"

ఆమెకు అర్థం కాలేదు. అర్థమైంది కానీ కాకూడదనుకుంది. పిల్ల సందులోంచి ముందుకు వంగి, నాన్న వైపు ఒకసారి చూసి, చెవి దగ్గర గుసగుసగా చెప్పింది. "పోయిన ఆదివారం నువ్వు కళ్ళు మూసుకున్నావమ్మా. చప్పుడైంది. నేను నీ జడ లాగాను. అప్పుడు లేచావు. నాన్న తిడతారని ఎవరికీ చెప్పలేదు."

వంతెన ఇంకా రాలేదు. ఆమె అద్దం చూసింది, ఎడమ ఇండికేటర్ వేసింది, వేగం తగ్గించి, రోడ్డు దిగి, చెట్ల నీడన చదునైన చోట బండి ఆపింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. గేరులో ఉంచి ఇంజను ఆపేసింది. వెనకవాళ్ళకు కనపడేలా నాలుగు లైట్లూ వెలిగించింది. ఏ ఒక్కటీ మరిచిపోలేదు. చేతులు వాటి పని అవి చేశాయి. ఆమె మనసులో ఒక్కటే తిరుగుతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల. నిద్ర ఆపుకోవడం అప్పుడే నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, తనను చూసి నేర్చుకుంది. నేర్చుకుని, నోరు మూసుకోవడం కూడా నేర్చుకుంది. నీళ్ళలో పడి పోవడం కంటే ఇది తక్కువదేం కాదు.

బండి ఆగడంతో ఆయన లేచాడు. "ఏమైంది? టైరా?" అని కంగారుగా దిగాడు. చుట్టూ తిరిగి నాలుగు టైర్లూ కాలితో తన్ని చూశాడు. బానెట్ ఎత్తాడు. అత్తగారు కూడా లేచి నీళ్ళ సీసా వెతుక్కుంటోంది. ఆమె తాళం తీసి చేతిలో పట్టుకుని దిగింది. వెనక తలుపు తెరిచి పిల్ల పక్కన కూర్చుంది. పిల్ల తల తన ఒళ్ళో పెట్టుకుంది. అద్దాలన్నీ దించి ఉన్నాయి, గాలి బాగానే వస్తోంది. పిల్ల ఇంకా కళ్ళు తెరుచుకునే ఉంటే వాటి మీద అరచెయ్యి కప్పింది. "బండి ఆగిపోయింది. ఇక నువ్వు చూడక్కర్లేదు" అంది. చేతి కింద రెప్పలు కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి.

ఆయన ఆయిల్ చూసే పుల్ల చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "అన్నీ బాగానే ఉన్నాయే. ఎందుకు ఆపావు?"

"ఆ గీత నేనే గీశాను" అంది ఆమె. "పోయిన ఆదివారం, నిద్రపోయి. ఆ వంతెన గోడకు. గోడ అయిపోయే లోపల ఇది నా జడ లాగి లేపింది కాబట్టి ఇవాళ మీరు ఆయిల్ చూస్తున్నారు."

ఆయన ముందున్న వంతెన వైపు చూశాడు. తర్వాత పిల్ల వైపు చూశాడు. జేబులో ఫోను మోగింది, తీయలేదు. చివరికి, సరే తాళం ఇటివ్వు, నేను నడుపుతాను, అన్నాడు.

"ఇవ్వను" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నడపడం నేను మానడం లేదు. నిద్ర మానడం మానేస్తున్నాను. ఇవాళ్టి నుంచి నాకు నిద్ర వస్తే బండి ఆగుతుంది, ఎవరు ఎక్కడ నిలబడినా సరే. నేను లేచాక వెళదాం."

తాళం పిడికిట్లోనే ఉంచుకుని ఆమె తల వెనక్కి ఆనించింది. కళ్ళు మూసుకోవడానికి కూడా భయమేసింది, ఈ వారమంతా అలవాటైన భయం. బండి కదలడం లేదు, కదలడం లేదు అని లోపల చెప్పుకుంది. ఆయన పుల్ల దాని చోట పెట్టి బానెట్ దించాడు. తర్వాత తలుపు తెరిచి విసురుగా ఎక్కబోయాడు.

అత్తగారు సీసా మూత బిగించింది. కోడలి మొహంలోకి ఒకసారి చూసి, నిద్రపోతున్న మనవరాలి కాళ్ళు తన ఒళ్ళోకి లాక్కుని సర్దుకుంది.

"తలుపు మెల్లగా వెయ్యరా" అంది కొడుకుతో.