పడమటి ముఖంగా

పోపులో ఆవాలు చిటపటలాడుతున్న వేళ మావారు వెనుకనుంచి వచ్చి, “మాణిక్యం, పేపరెక్కడ?” అన్నారు. అంతే. గరిటె చేతిలోంచి ఎగిరిపడింది. కాగిన నూనె మణికట్టు మీద చిందింది. “పిలిస్తేనే ఇంత ఉలికిపాటేంటి? నేనేమన్నా పులినా?” అని నవ్వుతూ ఆయన పేపరు వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. నేను ముందు పోపు పప్పులో కలిపి, ఆ తరువాతే చేయి కుళాయి కింద పెట్టుకున్నాను. ఆ వరుస నాకెవరూ నేర్పలేదు.

రాజమహేంద్రవరంలో ఒక మహిళా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించి, ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసినదాన్ని. నా అడుగుల చప్పుడు వినగానే వరండాలు నిశ్శబ్దమయ్యేవి. అటువంటిదాన్ని, కాలిన చేతికి కట్టు కట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు, నర్సు వెనుకనుంచి వచ్చి భుజం తాకగానే కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకుపోయాను. డాక్టరమ్మ ఒక కౌన్సెలరు పేరు చెప్పింది. ఎందరో ఆడపిల్లల కన్నీళ్ళకు కౌన్సెలింగు చేసిన నాకే కౌన్సెలరా! అభిమానం అడ్డువచ్చింది. కాని కాలిన చేయి మానినా ఉలికిపాటు మానలేదు. చివరకు వెళ్ళాను.

ఆ కౌన్సెలరు రెబెక్కా నా పూర్వ విద్యార్థిని కూతురి వయసుది. మొదటి కొన్ని భేటీలలో నేను కళాశాల గురించి, వాతావరణం గురించి, ఆమె గోడమీద వంకరగా వేలాడుతున్న పటం గురించి మాట్లాడాను. ఆమె పటం సరిచేసి వచ్చి కూర్చుంది, తొందరపెట్టలేదు. ఒకనాడు, ఎందుకో నాకే తెలియదు, పట్టిసీమలోని అత్తవారి వంటిల్లు నా నోటివెంట వచ్చేసింది.

పెళ్ళయిన మరుసటి ఏడు. పరీక్ష పేపర్లు దిద్దుతూ పొయ్యిమీద పప్పు సంగతి మరిచిపోయాను. మాడు వాసన వచ్చి పరుగెత్తాను. నేను గిన్నె దించుతుండగా వెనుకనుంచి ఎవరో నా ముడి పట్టుకుని మంట మీదికి వంచారు. నుదుటి వెంట్రుకలు చుర్రుమన్నాయి. “చదువుకున్నదానికి పప్పు ఉడకబెట్టడం చేతకాదా?” అన్న గొంతు విన్నాకే ఆ చేయి ఎవరిదో నాకు తెలిసింది. మా అత్తగారు సంపూర్ణమ్మగారు గుమ్మంలో నిలబడి చూశారు. ఆ సాయంత్రం నా తలకు నూనె రాస్తూ, “మగాడి కోపం పాలపొంగులాంటిదే అమ్మాయీ, కాసిని నీళ్ళు చల్లితే దిగిపోతుంది,” అన్నారు. మర్నాడు నుదుటి మీదికి జుట్టు దువ్వుకుని, మొదటి బస్సులో కాలేజీకి వెళ్ళి పాఠం చెప్పాను. మావారు మళ్ళీ ఎన్నడూ చేయి ఎత్తలేదు. అందుకే నేను దాన్ని ఒక సంఘటనగానే భావించాను గాని గాయమని ఎన్నడూ అనుకోలేదు. గాయమన్న మాట ఇంతకంటె పెద్ద కష్టాలు పడినవారికి చెందుతుందని నా అభిప్రాయం.

“మీరు మరిచిపోయినా మీ వీపు మరిచిపోలేదు మేడమ్‌గారూ,” అంది రెబెక్కా. “మాటలతో చేసే పనిని మనం ఇక్కడ చేద్దాం. శరీరానికి వేరే పాఠం కావాలి. నా పేషెంట్లకోసమే నాగదుర్గగారు యోగా క్లాసు నడుపుతారు. ఒకసారి చూడండి.”

గోదావరి గట్టుకు దగ్గరలో, ఒక మేడమీది హాలు. ఏడెనిమిది మంది స్త్రీలు. నేను వెళ్ళి మొదటి వరుసలో కూర్చున్నాను; జీవితమంతా మొదటి వరుసలో కూర్చున్నదాన్నే గదా. అందరూ కళ్ళు మూసుకోవడం చూసి నేనూ మూసుకున్నాను. మూయగానే ముడి బిగిసింది. మంట వాసన. ఊపిరి అందక, చెప్పులైనా వేసుకోకుండా మెట్లదాకా వచ్చేశాను. పరీక్ష తప్పినట్లు సిగ్గుపడ్డాను.

నాగదుర్గ వెంటనే దగ్గరకు రాలేదు. నాకు కనిపించేటంత దూరంలో ఆగి, “అమ్మా, కళ్ళు మూసుకోమని నేను చెప్పలేదండి,” అంది. “మూసుకోవాలనిపిస్తే మూసుకోవచ్చు. లేదంటే నేలమీద మీకు నచ్చిన చోట చూపు పెట్టుకోండి. ఎక్కడ కూర్చోవాలో కూడా మీరే చూసుకోండి. హాలంతా మీదే.”

వీపు గోడకు, ముఖం ద్వారానికి ఉండేటట్టు మూలన చాప పరుచుకున్నాను. పాదాలు నేలకు ఎక్కడ తగులుతున్నాయో గమనించమంది, గమనించాను. ఊపిరి ఎక్కడిదాకా వెళుతుందో చూడమంది. గొంతు దాటడం లేదు. “దాటకపోయినా పరవాలేదండి,” అంది. నిజం చెప్పాలంటే, ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. ‘చేయకపోయినా పరవాలేదు’ అని నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. కొన్ని వారాలకు ఊపిరి మెల్లగా రొమ్ములోకి, ఆపైన పొట్టలోకి దిగింది.

మావారు యుగంధర్‌గారు ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు పుష్కరఘాట్‌లో ఉదయం పూట పదిమందికి ప్రాణాయామం నేర్పుతారు. నా మూల గురించి విని పకపకా నవ్వారు. “కళ్ళు తెరుచుకుని ధ్యానమా? దాన్ని కొంగ జపం అంటారు మాణిక్యం! ఇంట్లో గురువును పెట్టుకుని ఎవత్తెకో ఫీజు కట్టడమేంటి?” అని, మర్నాడు నేను హాలులో కూర్చున్నప్పుడు నా వెనుక చేరి, “వెన్ను నిటారుగా!” అంటూ మెడమీద అరచేయి వేశారు. నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు వచ్చారు. “ఏమీ లేదండి, యోగా,” అని ఆయనే సర్దిచెప్పారు.

ఆ సంగతి చెప్పినప్పుడు రెబెక్కా అడిగింది: “క్లాసులో మీకు మూల ఉంది. ఇంట్లో, వెనుక ఎవరు వస్తున్నారో తెలియకుండా మీరు ఎక్కువసేపు నిలబడే చోటు ఏదండి?”

జవాబు చెప్పడానికి క్షణం పట్టలేదు: వంటిల్లు. వంట చేసే మనిషి తూర్పుముఖంగా నిలబడాలి. ఈ ఇల్లు కట్టేటప్పుడు అత్తగారు, ఆయన, వాస్తు పండితుడు కూర్చుని నిర్ణయించారు. పొయ్యిగట్టు తూర్పు గోడకు, గుమ్మం పడమట. వండేది నేనైనా నన్ను ఎవరూ అడగలేదు. ఆ గుమ్మానికి వీపు పెట్టి ఒక జీవితకాలం వండాను.

మర్నాడు మావారు ఘాట్‌కు వెళ్ళిన తరువాత గ్యాస్ మెకానిక్ చిట్టియ్యను పిలిపించాను. గది మధ్య బల్ల వేయించి, పొయ్యి దానిమీదికి మార్చమన్నాను. అతను పైపు చేతిలో పట్టుకుని నసిగాడు.

“పడమటి ముఖం అవుతాదండి అమ్మగారూ. మంచిది కాదంటారండి. అయ్యగారినోసారి అడిగితే…”

“వంట అయ్యగారు చేస్తారా?”

“అబ్బే, లేదండి.”

“అయితే బిగించు.”

పాత పొయ్యిగట్టుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఎదురుగా గుమ్మం, దాని వెనుక హాలు, వీధి తలుపు దాకా మొత్తం కనిపిస్తోంది. పప్పు పెట్టాను. ఆయన గేటు తీయడం, చెప్పులు విడవడం, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నావైపు రావడం, అన్నీ చూశాను. పాదాలు నేలమీదే ఉన్నాయి. ఊపిరి పొట్టదాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

గుమ్మంలో ఆయన నిలిచిపోయారు. “ఇదేంటి? పొయ్యి ఎవరు తిప్పారు?”

“నేనే తిప్పించానండి. మీరు వచ్చేటప్పుడు నాకు కనబడాలని.”

ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఈ వయసులో భార్య తన కోసం ఎదురుచూస్తోందనుకున్నారు పాపం.

“ఆనాడు కనబడలేదు,” అన్నాను.

“ఏనాడు?”

బుకాయింపు కాదు. ఆయన కళ్ళలోకి సూటిగా చూశాను, నిజంగానే గుర్తులేదు. నా ఒంట్లో ఒక జీవితకాలం కాపురం చేసిన ఆ రోజు ఆయన దగ్గర ఒక్క పూట కూడా నిలవలేదు. ఎప్పుడో ఒకనాడు తనంతట తానే జ్ఞాపకం చేసుకుని ఒక మాట అంటారని నేను కాచుకున్న ఏళ్ళన్నీ ఆ ఒక్క ప్రశ్నలో కొట్టుకుపోయాయి.

“పొయ్యి ఇక్కడే ఉంటుంది,” అన్నాను. “ఆ కుర్చీ గుమ్మం అవతల వేసుకుని కూర్చోండి. చెబుతాను.”

“భోజనం వేళయింది మాణిక్యం.”

“వేళయితే కానివ్వండి.”

ఆయన నావైపు చూసి, కుర్చీ చూసి, మెల్లగా కూర్చున్నారు. నేను పొయ్యి ఆర్పేశాను.

“ఆ వేళ పప్పు మాడింది,” అని మొదలుపెట్టాను.