తెల్లపెట్టె ఎక్కిన పసిబిడ్డ

మా దొర చెరకు తోటలో బిడ్డ చస్తే లారీ వస్తుంది. జబ్బుపడితే రాదు.

ఫిలిప్పీన్స్‌లోని మా నీగ్రోస్ దీవిలో చక్కెర మిల్లు మూతపడి కోత లేని నెలల్ని మేం చచ్చిన కాలం అంటాం. పని లేదు, బియ్యం లేదు. తల్లులు గంజి తాగి పడుకుంటే పాలెక్కడివి? పిల్లలకు పట్టేదీ ఆ గంజి తేటే, అదీ మందుకొట్టిన చేల పక్క కాలువ నీళ్లతో. విరేచనాలు మొదలైతే రెండో రోజుకి కళ్లు గుంటలు పడతాయి. అప్పుడు దొరకు దయ పుట్టుకొస్తుంది. తెల్లరంగు వేసిన చిన్న శవపెట్టె ఉచితం, పట్నం శ్మశానం దాకా లారీ ఉచితం. "ఏడవకండమ్మా, బిడ్డ దేవదూతైంది, రెక్కలు తడుస్తాయి" అంటాడు మేస్త్రీ సిప్రియానో. ఇన్నేళ్లూ ఆ మాట నమ్మి నోళ్లు మూసుకున్నందుకు నా మీద నాకే అసహ్యం.

ఆ మంగళవారం సోలెదాద్ కూతురు, ఎనిమిది నెలలది, తల వాల్చేసింది. మేం ఆడవాళ్లం గుంపుగా వెళ్లి ఆస్పత్రికని లారీ అడిగాం. సిప్రియానో పళ్లు కుట్టుకుంటూ "డీజిల్ లేదు" అన్నాడు.

పాడైన బోరింగు దగ్గర అందరం అరుచుకున్నాం. "దొర కాళ్లు పట్టుకుందామే" అంది ఒకామె.

పది రోజుల కిందటే కొడుకుని పాతిపెట్టిన బెనిల్డా తుపుక్కున ఉమ్మింది. "నేను పట్టుకున్నా కదే! ఏమొచ్చింది? పెట్టె. పిల్ల పోయిందని చెప్పండి, లారీ దానంతటదే వస్తది."

"బతికున్న పిల్లను పెట్టెలో పెట్టమంటావా? నీ నోట్లో మన్నుపడ!" సోలెదాద్ అరిచింది.

"మూత నా చేతిలో ఉంటది. వెయ్యనివ్వనక్కా."

పిల్ల పోయిందని కబురు పెట్టాం. అరగంటలో పెట్టెతో లారీ వచ్చింది. డీజిల్ దొరికింది మరి. పిల్లను పెట్టెలో పడుకోబెట్టి, మూత వెయ్యకుండా పల్చటి గుడ్డ కప్పాం. సిప్రియానో తొంగి కూడా చూడలేదు, పోయి ముందు సీట్లో కూర్చున్నాడు. ముప్పై మందిమి వెనక ఎక్కాం. శ్మశానం దగ్గర డ్రైవర్ వేగం తగ్గిస్తే క్యాబిన్ మీద గుద్దాం.

"ఆపకు! ఆస్పత్రికి పోనీ!"

పెట్టెలోంచి సన్నటి ఏడుపు వినపడింది. మేస్త్రీ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "మోసం! దొరతో చెప్తా!"

"చెప్పరా. పిల్ల బతికుందని కూడా చెప్పు" అంది బెనిల్డా.

డ్రైవర్ ఆస్పత్రి ముందే ఆపాడు. డాక్టరమ్మ సెలైన్ పెట్టింది. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. ఆలోపే పోలీసులు వచ్చి, లారీ దొంగతనమని బెనిల్డాను ఈడ్చుకుపోయారు.

మర్నాడు పొద్దున తోటలోని కూలీల ఇళ్ల వరసలన్నీ కదిలాయి. పిల్లల్ని చంకనేసుకుని దొర గేటు ముందు కూర్చున్నాం, ఆ ఖాళీ పెట్టెను అడ్డంగా పెట్టి. సిప్రియానో పెట్టెను చూసి అలవాటుగా అడిగాడు.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు, అందుకే వచ్చాం. బెనిల్డాను విడిపించు. లారీ తాళాలు ఇటు పడెయ్."