కత్తెర కోసం చేసిన చోటు

మా ఇంట్లో కంప్యూటర్ ఒకటే. దానికి యజమానులు మాత్రం ఇద్దరు: మావారు, మా తమ్ముడు. కొన్నప్పుడు చెరిసగం వేసుకున్నారు కాబట్టి లోపలి డిస్కును కూడా చెరిసగం పంచుకున్నారు. కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాములు కూడా వేర్వేరే: ఒక సగంలో మావారి విండోస్, ఇంకో సగంలో తమ్ముడి లినక్స్. ఒకరి సగంలోకి ఒకరు తొంగి చూడకూడదని, నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టి మరీ ఒప్పందం చేసుకున్నారు. పొలం గట్టు దగ్గర దాయాదులు కూడా అంత నిష్ఠగా ఉండరు.

మావారు ఆడిటరు. పదిమంది తప్పులు పట్టడం ఆయన వృత్తి. అందులో ఎంతగా మునిగిపోయారంటే, సొంత తప్పులు చూసుకునే తీరిక ఇంతవరకూ దొరకలేదు. తమ్ముడు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాడు. పై గదిలో ఉంటాడు, భోజనానికి కిందికి దిగుతాడు, దిగినప్పుడల్లా ఒక ఉపన్యాసం వెంట తెస్తాడు. దేనికైనా రెండో ప్రతి తీసి దాచుకోవాలన్నది అందులో ముఖ్యమైనది. అన్నం వడ్డించేవాళ్ళు పారిపోలేరు కనుక నేను పూర్తిగా వింటాను.

నేను దర్జీని. రెడీమేడ్ దుకాణాలు లెక్కలోకి తీసుకోని ఒళ్ళకు కుడతాను. వెన్ను వంగినవాళ్ళు, చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళు, ఒక చెయ్యి సన్నబడినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో నమూనా గీస్తాను. తొడిగి చూడడం, దిద్దడం, మళ్ళీ తొడగడం, అలా ఏళ్ళ తరబడి కుదిరిన నమూనాలవి. కాగితాలు చిరిగిపోతున్నాయని తమ్ముడు తన సగంలో నమూనాలు గీసే ప్రోగ్రాం ఒకటి పెట్టి ఇచ్చాడు. మావారు ఆఫీసుకు వెళ్ళాక దాని ముందు కూర్చుని గీసుకుంటాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే "నా సగం ఉండగా వాడి సగంలోనా?" అని మూడు రోజులు మూతి ముడుచుకుంటారు.

ఆయన నన్ను "కత్తెర" అని పిలుస్తారు. వృత్తిని బట్టి అని బయటివాళ్ళకు చెప్తారు. అసలు కారణం నా నోరని ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక మావారి బాధ ఏమిటంటే, కంప్యూటర్ వెయ్యగానే ఎవరి సగంలోకి వెళ్ళాలని అది అడుగుతుంది. కాసేపు చూసి, జవాబు రాకపోతే నేరుగా తమ్ముడి సగంలోకి వెళ్ళిపోతుంది. అలా అమర్చింది తమ్ముడే. ఈయన మీట నొక్కి కళ్ళజోడు కోసం అటు వెళ్ళి ఇటు వచ్చేసరికి తెర మీద లినక్స్ నవ్వుతూ ఉంటుంది. ఆపి మళ్ళీ మొదలు పెట్టాలి.

"సొంత ఇంట్లోకి వెళ్ళడానికి రోజూ బావమరిది పర్మిషన్ తీసుకోవాలా?" అని ఆయన.

"త్వరగా నొక్కు బావా, వయసైపోతోందా ఏంటి?" అని వాడు.

ఇలా ఉండగా ఒక శనివారం నేను దారపు రీళ్ళకోసం బజారుకు వెళ్ళి తిరిగొచ్చేసరికి, మావారు తనంతట తానే గిన్నెలు కడుగుతున్నారు. ఈయన గిన్నెలు కడిగారంటే ఇంట్లో ఏదో పెద్దదే పగిలి ఉండాలి.

గదిలోకి వెళ్ళి చూస్తే కంప్యూటర్ తెర నల్లగా ఉంది. ఒక మూల తెల్లటి ఇంగ్లీషు అక్షరాలతో "గ్రబ్ రెస్క్యూ" అని రాసి ఉంది, పక్కన ఒక గీత కొట్టుకుంటోంది. ఏ మీట నొక్కినా అదే మాట.

"ఏం చేశారండీ?"

"నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఏదో అప్‌డేట్ వచ్చినట్టుంది," అన్నారు, చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ. "వాడికి చెప్పకు. వీధి చివర కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేశాను, వస్తున్నాడు."

షాపతను వచ్చాడు, చూశాడు, కూర్చోకుండానే రోగం తేల్చేశాడు. "బూట్ పోయింది సార్. ఫార్మాట్ కొట్టేద్దాం. కొత్తదానిలా పరిగెడుతుంది."

"మరి నా నమూనాలు?" అన్నాను.

"అవి ఉండవు మేడమ్. డేటా కావాలంటే ఇంకోలా చూడాలి, గ్యారంటీ ఇవ్వలేను."

"నీ నమూనాలు ఇందులో ఎక్కడున్నాయి? నా సగంలో నీ ఫోల్డర్ ఏదీ కనిపించలేదే?" అన్నారు మావారు. నేను చెప్పాను, ఎవరి సగంలో ఉన్నాయో. ఆయన ముఖం చూస్తుండగానే సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. అప్పటికి ఎందుకో నాకు తెలియలేదు. నమూనాలు పోయాయన్న మాటే తలలో గిరగిరా తిరుగుతోంది. బట్ట చిరిగితే మళ్ళీ కొంటాం. ఆ నమూనాలు మళ్ళీ గియ్యాలంటే మనుషులు మళ్ళీ కొలతలు ఇవ్వాలి. నా దగ్గర కుట్టించుకునే లైబ్రేరియన్ ఆవిడ వెన్ను ఆపరేషను తర్వాత ఇప్పుడు మంచం మీదే ఉంది. ఒంటి మీద చెయ్యి పడితే ఓర్చుకోలేదు. నేను పాత నమూనాతో కుట్టిన జాకెట్లే ఆవిడకు నొప్పి లేకుండా పడతాయి. అది పోతే నేను ఏ ముఖం పెట్టుకుని ఆవిడ దగ్గరికి టేపు పట్టుకెళ్ళాలి? నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది.

ఏడుపొస్తే నాకు ముందుగా కోపం వస్తుంది. షాపతను పెన్‌డ్రైవ్ గుచ్చబోతుంటే, కంప్యూటర్ డబ్బాను లాక్కుని దాని మీద ఎక్కి కూర్చున్నాను.

"ముందు నన్ను ఫార్మాట్ కొట్టు, తర్వాత దీన్ని," అన్నాను.

అతను మావారి వైపు చూశాడు. మావారు పైకప్పు వైపు చూశారు. అతను మంచివాడు, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముణ్ణి నేనే పిలిచాను. వాడు వచ్చి, నల్లతెర చూసి, చాలా ప్రశాంతంగా అన్నాడు: "నా సగం ఎవరో తీసేశారు."

"దానంతటదే అయ్యుంటుంది," అన్నారు మావారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటారే, సరిగ్గా అలాగే ఎడమ భుజం తడుముకున్నారు కూడా.

"మరి నా విండోస్ ఏమైందిరా? నేను నాది ముట్టుకోలేదు కదా?"

"నీ గది బాగానే ఉంది బావా. ఎటు వెళ్ళాలని అడిగే గేటు నా సగంలో ఉండేది. గేటు పీకి పారేసి, ఇంట్లోకి వెళ్ళలేకపోతున్నానంటే ఎలా?"

"నా నమూనాలకు రెండో ప్రతి తీశావు కదరా, రోజూ చెప్తావు," అన్నాను వాడితో.

వాడు మొదటిసారి నా ముఖం చూడలేకపోయాడు. "తీశాను అక్కా. ప్రతి వారం తీశాను."

"ఎక్కడుంది?"

"నా సగంలోనే... వేరే ఫోల్డర్‌లో."

ఇంటికి తాళం వేసి, రెండో తాళంచెవిని కూడా ఇంట్లోనే దాచుకున్న మేధావిని ఆ రోజే చూశాను. వాణ్ణి అనడానికి నా దగ్గర చాలా ఉంది, కానీ రోగం కుదిరేదాకా డాక్టరును తిట్టకూడదని ఊరుకున్నాను.

వాడు పైనుంచి తన పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి, దాని నుంచే కంప్యూటర్‌ను లేపాడు. ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కు మీదికి ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టాడు. దానికి చాలాసేపు పట్టింది. మావారు మూడుసార్లు కాఫీ కలిపారు. మూడూ ఆయనే తాగారు.

తర్వాత డిస్కు పటం తెర మీద పెట్టాడు. ఎడమ పక్క మావారి సగం. కుడి పక్క తమ్ముడి సగం ఉండాల్సిన చోట కొత్త భాగం ఒకటి ఉంది, ఖాళీగా.

"బావా, తీసెయ్యడమే కాదు, కొత్తది కూడా చేశావా? ఇది ముందే చెప్పాలి కదా!"

"నేనెందుకు చేస్తాను? చెప్పాగా, అప్‌డేట్..."

తమ్ముడు తెర మీద వేలు పెట్టి, ఆ కొత్త భాగానికి ఉన్న పేరు పైకి చదివాడు. "కత్తెర."

మావారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బావా," అన్నాడు వాడు, "కంప్యూటర్ ఎంత తెలివైనదైనా, అక్కకు దానంతటది ముద్దుపేరు పెట్టదు."

మావారు కుర్చీలో కూలబడ్డారు. ఇరవై కంపెనీల లెక్కలు నిలదీసిన మనిషి, ఒక్క వాక్యం చెప్పడానికి ఎన్ని గుటకలు మింగారో.

"కాగితాలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు, చోటు చాలడం లేదు అని నెల నుంచి నువ్వే గొణుగుతున్నావు. ఇందులో నీకో చోటు చేద్దామనుకున్నా. నాది నిండుగా ఉంది. వాడిదేమో నా వైపు నుంచి చూస్తే పేరూ లేదు, ఊరూ లేదు, అంతా ఖాళీలాగే కనిపించింది. వాడు ఊరికే ఆక్రమించుకున్నాడనుకున్నా. తీసేశాను. నీ పేరు పెట్టాను. నువ్వు వచ్చాక చూపిద్దామని."

అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను. బావమరిది సొమ్ము భార్యకు దానం చేసినాయన్ని కట్టుకున్నానని తెలియదు. నా నమూనాలు దాచడానికి చోటు కావాలని నా నమూనాలనే తుడిచిపెట్టారు. తిట్టబోయి ఆగాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకోసం నన్ను అడక్కుండా చేసిన పని అదొక్కటే, అదీ ఇలా తగలడింది.

"ఇప్పుడేంటి దారి?" అన్నాను తమ్ముడితో.

"కొత్త పేరు రాసినప్పుడు ఏది ఎక్కడుందో రాసి ఉండే మొదటి పేజీ చెడింది. కానీ లినక్స్ ఆ పేజీకి నకళ్ళు డిస్కులో అక్కడక్కడా దాచుకుంటుంది. వాటితో పాత హద్దులు మళ్ళీ గియ్యొచ్చు. చాలావరకు వస్తాయి." వాడు ఆగాడు. "అయితే ముందు కత్తెరను తీసెయ్యాలి."

మావారు నా వైపు చూశారు. తెర అడిగింది, నిజంగా తీసెయ్యమంటారా అని.

"తీసెయ్యి," అన్నాను.

సాయంత్రానికి నమూనాలు ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. లైబ్రేరియన్ ఆవిడది తెరిచి, వెన్ను దగ్గర నేను పెట్టిన వంపు చూసుకున్నాక గాని నాకు ఊపిరి ఆడలేదు. కొత్త పేరు రాతల కింద పడి పోయినవి కొన్ని ఉన్నాయి. దాదాపు అన్నీ తమ్ముడి పాఠాలే. అవి ఎవరూ అడగలేదు. నాది మాత్రం ఒక్కటి పోయింది, నేను మొట్టమొదట గీసినది. మావారి కోటు నమూనా.

మర్నాడు పొద్దున ఆయన్ని నిలబెట్టి టేపు తీశాను. ఛాతీ పొంగించి, పొట్ట లోపలికి లాగి, విగ్రహంలా నిలబడ్డారు.

"ఉన్నట్టు నిలబడండి. నటిస్తే కోటు కుదరదు."

చాలాసేపటికి ఊపిరి వదిలారు. పొట్ట ముందుకొచ్చింది. ఎడమ భుజం నెమ్మదిగా కిందికి జారింది.

"ఎడమది దిగి ఉంది," అన్నాను, రాసుకుంటూ.

"నాదా? ఎప్పట్నుంచి?"

"పెళ్ళి నాటి నుంచీ."

"మరి కోట్లన్నీ తిన్నగానే ఉంటాయే?"

"ఆ పక్క దూది పెట్టి కుడతాను."

ఆడిటరు గారు అద్దంలో తన భుజాన్ని మొదటిసారి తనిఖీ చేశారు. తప్పు దొరికింది. ఎవరి మీదికి తోసెయ్యాలో మాత్రం దొరకలేదు.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే, కత్తెరా?"

ఆ పిలుపుకు ఈసారి ఒళ్ళు మండలేదు. "చెబితే అప్‌డేట్ వచ్చిందనేవారు," అన్నాను. "ఇప్పుడు దూది పెట్టనా, వద్దా?"

ఆయన అద్దంలో భుజాన్ని మరోసారి చూసుకున్నారు. "కోటుకు పెట్టు. నమూనాలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయి."

రాశాను. రెండు చోట్ల దాచాను. ఒకటి తమ్ముడి సగంలో ఉంది. రెండోది ఎక్కడుందో ఆ ఇద్దరు యజమానులకూ చెప్పలేదు.