గంట కొట్టే చోటు

శంషాబాద్‌లో రేణుకమ్మ ఉండే వాడకట్టుకు ఏటా సద్దుల బతుకమ్మ నాడు కొత్త పాట కావాలి. పాత పాటలు ఎన్ని పాడినా ఆడవాళ్లకు తనివి తీరదు, ఆ ఏడు రేణుకమ్మ కట్టిన పాట పాడాల్సిందే. ఎయిర్‌పోర్టు వచ్చిన ఏడు విమానం మీద కట్టింది. టీవీ సీరియల్‌లో అత్తగారి మీద కట్టిన ఏడు వాడలోని అత్తలంతా అలిగారు, కోడళ్లు మాత్రం మళ్లీ మళ్లీ పాడించుకున్నారు.

కూతురు శోభ తల్లిని ఊరికే ఉండనిచ్చేది కాదు. సెలవు దొరికితే చాలు, నుమాయిష్ ఎగ్జిబిషన్ అనీ మ్యూజియం అనీ బస్సెక్కించేది. కిందటేడు సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్ద గడియారం ముందు కూర్చున్నారు. గంట కొట్టడానికి గడ్డపు బొమ్మ బయటికి రాగానే శోభ తల్లిని మోచేత్తో పొడిచింది.

"అమ్మా, చూడే. జరసేపు వచ్చి పోయేటోని కోసం ఎంతమంది కాసుకొని కూసున్నరో. ఇగ ఈ ఏటి పాట ఇదే."

అదే అయింది. పాటలో గంట కొట్టే చోట అందరూ చప్పట్లు ఆపాలి, శోభ ఒక్కతే "ఠంగ్" అనాలి. ఆ పిల్ల గొంతుకు వాడంతా పగలబడి నవ్వింది.

"నా మీద ఎప్పుడు కడతవే?" అని శోభ అడిగితే, "నీ పెండ్లయి తొలి పండుగకు ఇంటికొచ్చిన ఏడు కడత" అంది రేణుకమ్మ.

ఈ శ్రావణంలో శోభకు జ్వరం వచ్చింది. దవాఖానకు నడిచి వెళ్లిన పిల్ల నడిచి తిరిగి రాలేదు.

చావు జరిగిన ఇంటికి ఏడాది పండుగ లేదు. బతుకమ్మ పేర్చకూడదు, ఆడకూడదు. అయినా పక్కింటి పోచమ్మ వచ్చి మెల్లగా అడిగింది. "నువ్వు రాకుంటె మానె అక్కా, పిల్ల మీద ఒక పాటన్న కట్టియ్యి. మేం పాడుతం."

రేణుకమ్మకూ అదే కావాలి. కూతురికి ఇచ్చిన మాట ఇప్పుడైనా తీర్చుకోవాలి. టీవీ ముందు కూర్చుంది, రేడియో పెట్టింది. ఒక్కతే బస్సెక్కి మ్యూజియానికి కూడా వెళ్లింది. బొమ్మ వచ్చింది, గంట కొట్టింది, పోయింది. ఒక్క మాటా పుట్టలేదు. ఇన్నేళ్లూ ఆ పాటలు తనవే అనుకుంది పిచ్చితల్లి. చూసిందంతా శోభే, తను రాగం తీసిందంతే. పక్కన మోచేత్తో పొడిచే మనిషి లేకపోతే ఆమెకు లోకమంతా వట్టి చప్పుడుగానే ఉంది.

"పాట కాలేదు పోచమ్మా" అని పండుగ పొద్దున చెప్పేసింది.

సాయంత్రం వీధిలో ఆడవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే, రేణుకమ్మ తలుపు దగ్గరగా వేసుకుని సందులోంచి చూస్తూ కూర్చుంది. కొత్త పాట లేదు కాబట్టి పోచమ్మ కిందటేటి పాటే ఎత్తుకుంది. అందులో శోభ వంతు ఒకటుందని ఎవరికీ తట్టలేదు. గంట కొట్టే చోటు రాగానే అలవాటు కొద్దీ అందరి చప్పట్లూ ఆగాయి. అప్పుడు గుర్తొచ్చింది. చేతులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పోచమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

ఆ చోటు అలా ఖాళీగా ఉండడం రేణుకమ్మ భరించలేకపోయింది. తమది పండుగ లేని ఇల్లని కూడా చూడకుండా తలుపు వెనక నుంచే అరిచింది.

"ఠంగ్!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ఏడు కూతురి మీద ఆమె కట్టగలిగిన పాట ఆ ఒక్క మాటే.