రంపం ముందు అన్న

సామిల్లులో దుంగ జారి అన్న తలకు తగిలింది. కుట్లు మానాయి. లోపల గడ్డకట్టిన రక్తం కూడా కరిగిపోయిందని స్కానులో తేలింది. ఇంక రంపం దగ్గరికి వెళ్ళొచ్చు కదా అని అన్న డాక్టరమ్మను అడిగాడు. ఆవిడ స్కాను పక్కన పెట్టింది.

"దెబ్బకు కొన్ని మెదడు కణాలు అప్పుడే పోయాయి. మిగిలినవాటికీ ముప్పు ఉంటుంది. కణంలో ప్రొటీన్లు సరిగ్గా మడతపడి ఉంటేనే పనిచేస్తాయి. దెబ్బ తర్వాత కొన్ని మడత తప్పుతాయి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కడతాయి. కణం వాటిని వదిలించుకోలేదు, కొత్తవి చేసుకోలేదు. చివరికి చచ్చిపోతుంది."

"పొట్టు ఊడవకపోతే మిషను బిగుసుకుపోయినట్టు," అన్నాడు అన్న. "ఊడ్చే మందు రాయండమ్మా."

"నమ్మకంగా పనిచేసే మందు ఇంకా రాలేదు. స్కానులో ఆ ముద్దలు కనపడవు కూడా. మతిమరుపు వస్తుందేమోనని మనిషినే గమనిస్తూ ఉండాలి."

బయటికొచ్చాక అన్న నవ్వాడు. "గమనించాలట. నేనేమన్నా పొయ్యి మీద పాలా?"

వదిన నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచింది. "ఇంట్లో అంతా మామూలే. తినడం, నామీద విసుక్కోవడం, ఏదీ తగ్గలేదు. రంపం దగ్గర పక్కనుండేది నువ్వే, అక్కడి సంగతి నీకే తెలుస్తుంది. తేడా ఉంటే మొహమాటపడకు మరిదీ. నాకు చేతులున్న మొగుడు కావాలి."

అప్పట్నుంచి చూస్తూనే ఉన్నాను. అన్న అడిగిందే మళ్ళీ అడిగితే ఉలిక్కిపడేవాణ్ణి. నేనూ అడుగుతాను కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి.

పనిలోకి మళ్ళీ తీసుకునే ముందు సామిల్లు ఓనరు ఒక దూలం కోసి చూపించమన్నాడు. ఎవరిదో పాత ఇంటి దూలం. మోటారు స్విచ్చు నా దగ్గర. అన్న కళ్ళు మూసుకుని చెక్క పొడవునా అరచేతులతో తడిమాడు, ఎప్పటిలాగే. ఒకచోట ఆగాడు.

"మేకుంది ఇక్కడ." సుద్దముక్కతో చుట్టూ సున్నా గీశాడు. నా ప్రాణం లేచొచ్చింది. మేకు పీకే పట్టకారు కోసం వంగాను.

లేచేసరికి అన్న తన చోట నిలబడి చెయ్యెత్తి ఉన్నాడు. స్విచ్చు వెయ్యమని.

ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను. మొహంలో అదేం లేదు. రంపం మేకుకు తగిలితే బ్లేడు తెగి మీదికే వస్తుంది. ఆ సంగతి నాకు నేర్పింది అన్నే.

"ఏంట్రా, నిలబడి నిద్రపోతున్నావా? వెయ్యి."

"మేకు, అన్నా."

"ఏ మేకు?"

సున్నా చూపించాను. దాని మీద వేలుపెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరు గీశారిది?"

అన్న తన వేళ్ళు చూసుకున్నాడు. తెల్లగా సుద్ద. లుంగీకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. తర్వాత రంపం ముందునుంచి పక్కకు జరిగి, మెయిన్ ఆపెయ్యమన్నట్టు సైగ చేశాడు.

గేటు దాటాక అన్నాడు: "మీ వదినకు నువ్వు చెప్పకు. నేనే చెప్తాను. దారిలో మర్చిపోతే గుర్తుచెయ్యి."

నవ్వుతాడేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు.